మా వీధి బడి మీద నా ఓటు

ఎనభైల మొదట్లో డెట్రాయిట్‌కి అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ శీతాకాలమంతా నాకు ఇంట్లో కాలు నిలవలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టేదాన్ని. కిటికీ దగ్గర నిలబడితే వీధిలో మంచులో పాతిన ‘ఫర్ సేల్’ బోర్డులు కనపడేవి, వారం వారం ఇంకొన్ని. కార్ల ఫ్యాక్టరీలు మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. మా ఆయన ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. శుక్రవారం సాయంత్రం ఆయన కారు డ్రైవ్‌వేలోకి తిరిగే తీరును బట్టి ఈ వారం గండం గడిచిందో లేదో ఊహించాలని చూసేదాన్ని. ఆయన లోపలికొచ్చి బూట్లు విప్పుతూ, “ఈ వారం మా సెక్షన్‌లో ఇద్దరిని” అనేవారు. అంతే. తరవాత టీవీ ముందు కూర్చుంటే ఇక కదలిక ఉండేది కాదు. ఆయనకి భయమేస్తే కదలరు. నాకు భయమేస్తే కూర్చోలేను. ఆయన కుర్చీ చుట్టూ నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, “కాసేపు ఆగవూ, కళ్ళు తిరుగుతున్నాయి” అనేవారు.

పెళ్ళికి ముందు నేను గుంటూరులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా అమ్మా అదే బళ్ళో టీచరు. ఇక్కడికొచ్చాక ఆ డిగ్రీలు పెట్టెలోనే ఉండిపోయాయి. అమ్మాయి మూడో క్లాసుకొచ్చాక, బాబు కిండర్‌గార్టెన్‌లో చేరాక, ఇంట్లో ఉండలేక వాళ్ళ బడికే వెళ్ళి, “ఏదైనా పని ఉంటే చెప్పండి, ఊరికే చేస్తాను” అన్నాను. ప్రతి గురువారం మూడో క్లాసులో వెనక బల్ల దగ్గర, లెక్కల్లో వెనకబడ్డ పిల్లలతో కూర్చోమన్నారు. వారమంతా నేను ఆ గురువారం కోసమే చూసేదాన్ని.

ఆ బడి మా వీధి చివరే. ఎర్ర ఇటుకల రెండంతస్తుల భవనం, ముందు జెండా కర్ర, పక్కన ఉయ్యాలలు. పిల్లల్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళేవాళ్ళం. మేం అంటే నేనూ, ఎదురింటామే. ఆమె ఆ ఊళ్ళోనే పుట్టింది, ఆ బళ్ళోనే చదివింది. భర్త ఫ్యాక్టరీలో కార్లు బిగించే లైన్ మీద పని చేసేవాడు. ఆమె కూతురూ మా అమ్మాయీ ఒకే క్లాసు. మంచు కురిసిన మొదటి ఏడాది నాకు బూట్లు ఎక్కడ కొనాలో చూపించింది, కారు జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలో నేర్పింది కూడా ఆమే. నా పేరు పలకడం రాక మొదట్లో ఏదో ఒకటి అనేది. రాదని తెలిశాక, ఒక మధ్యాహ్నం మా వంటింట్లో కూర్చుని, సరిగ్గా వచ్చేదాకా అంటూనే ఉంది. అమెరికాలో నా పేరు సరిగ్గా పలికిన మొదటి మనిషి ఆమె.

ఆ ఫిబ్రవరిలో పిల్లల బ్యాగుల్లో ఒక కాగితం వచ్చింది. ఊళ్ళో పిల్లలు తగ్గిపోతున్నారు కాబట్టి మా వీధి బడి మూసేసి, పిల్లల్ని హైవే అవతలి బడికి బస్సులో పంపే ఆలోచన ఉందనీ, స్కూల్ బోర్డు మీటింగ్‌కి వచ్చి అభిప్రాయం చెప్పొచ్చనీ అందులో ఉంది. ఎదురింటామె ఆ కాగితం పట్టుకుని చెప్పులతోనే మంచులో రోడ్డు దాటి మా ఇంటికొచ్చింది.

మీటింగ్ హైస్కూల్ లైబ్రరీలో. పొడుగు బల్ల వెనక ఏడుగురు సభ్యులు, చివర్న సూపరింటెండెంట్. ఊళ్ళో బళ్ళన్నిటికీ పెద్దాయన. జీతం మీద పని చేసే మనిషి. బోర్డు వాళ్ళు మాత్రం మనలాంటి తల్లిదండ్రులే, ఊరు ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ళు. ఆ సంగతి నాకా సాయంత్రమే తెలిసింది. ఎదురింటామె మైకు ముందుకెళ్ళి, “నేను ఆ బళ్ళోనే చదవడం నేర్చుకున్నాను” అని మొదలుపెట్టింది. రెండో వాక్యానికే గొంతు పూడుకుపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది కానీ మాట రాలేదు. ఎవరో దగ్గారు. ఎప్పుడు లేచానో నాకే తెలీదు, ఆమె పక్కన నిలబడి ఉన్నాను.

“మాట్లాడేవాళ్ళ లిస్ట్‌లో మీ పేరు లేదు, మేడమ్” అన్నాడు ఛైర్మన్.

“ఈమె టైమ్ ఇంకా ఉంది కదా. నాకిస్తుంది” అన్నాను.

ఆమె తలూపింది. చీర మీద చలికోటు, కాళ్ళకి మంచు బూట్లు, గుంటూరు ఇంగ్లీషు. గదంతా నన్నే చూస్తోంది. “ఖాళీ గదులున్నాయంటున్నారు. నేను ప్రతి గురువారం ఆ బళ్ళోనే ఉంటాను. నాకు ఒక్క ఖాళీ గది కూడా కనపడలేదు. మీలో ఎంతమంది ఈ ఏడాది ఆ గుమ్మం తొక్కారు?” అన్నాను. నా వెనక చప్పట్లు మోగాయి. జూన్‌లో బోర్డు ఎన్నికలున్నాయి, రెండు సీట్లు ఖాళీ అవుతున్నాయి, ఆ తరవాతే నిర్ణయం తీసుకుందామని వాయిదా వేశారు.

కార్లో ఇంటికొస్తూ ఆమె, “నువ్వు నిలబడాలి” అంది.

“నేనా? ఇక్కడ పుట్టింది నువ్వు. నువ్వు నిలబడు.”

“నేను ఏడుస్తాను. చూశావుగా. నువ్వు ఏడవ్వు, నీకు కోపమొస్తుంది.”

అప్పటికి మేం సిటిజన్లమై ఏడాదైంది. ఓటు హక్కు ఉందని తెలుసు. ఓట్లు అడిగే హక్కు కూడా ఉందని ఆలోచించలేదు.

మా ఆయనకి చెబితే టీవీ సౌండ్ తగ్గించారు. “లేఆఫ్‌ల టైమ్‌లో మన పేరు ఊళ్ళో అందరి నోళ్ళలో పడటం అవసరమా?”

“మన పేరు ఎవరికీ నోరు తిరగదు కదండీ. నోళ్ళలో ఎలా పడుతుంది?”

ఆయన నవ్వలేదు. “నాతో పనిచేసేవాళ్ళు కొంతమంది ఇప్పటికే నాకేసి ఎలా చూస్తున్నారో నీకు తెలీదు. వాళ్ళవాళ్ళని తీసేసి నన్ను ఉంచారని.”

అది నాకు నిజంగానే తెలీదు. ఇన్నాళ్ళూ ఆయన చెప్పలేదు. వద్దంటే మానేస్తానన్నాను. అన్నానే కానీ వంటింట్లోకి వెళ్ళి చేసిన పనంతా గిన్నెలు చప్పుడు చెయ్యడమే. కాసేపటికి ఆయన గుమ్మంలో నిలబడి, “నిలబడు. లేకపోతే ఈ ఇంట్లో గిన్నెలు మిగలవు” అన్నారు.

ఆదివారం మధ్యాహ్నాలు చుట్టుపక్కల ఊళ్ళ తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కలిసి ప్రార్థన చేసుకునేవాళ్ళం. నా సంగతి తెలిసి అక్కడి పెద్దాయన కాఫీ కప్పు పట్టుకుని నన్ను పక్కకి పిలిచారు. “అమ్మా, మనం ఉద్యోగాలకొచ్చాం. వాళ్ళ బళ్ళు వాళ్ళు చూసుకుంటారు. మనకెందుకీ గొడవ?”

ఆయన భార్య ప్లేట్లు సర్దుతూనే, “మన పిల్లలు చదివేది వాళ్ళ బళ్ళలోనే కదండీ” అంది. ఆయన చివరి ప్రార్థనలో నా పేరు చెప్పి, ‘నీ చిత్తమైతే’ అన్న మాట మాత్రం రెండుసార్లు గట్టిగా నొక్కారు.

బ్యాలట్‌లో పేరు రావాలంటే ముందు ఊళ్ళో ఓటర్ల సంతకాలు తేవాలి. ఏప్రిల్‌లో మంచు కరుగుతూ వీధులన్నీ బురద. ఎదురింటామె తన పెద్ద స్టేషన్ వ్యాగన్ నడిపేది, నేను దిగి తలుపులు తట్టేదాన్ని. తెలిసినవాళ్ళ ఇళ్ళ దగ్గర ఆమె కూడా దిగి నా గురించి చెప్పేది. ఒకావిడ నేను ఏదో అమ్మడానికొచ్చాననుకుని, తలుపు సందులోంచే “వద్దు, వద్దు” అంది. ఒకతను సంతకం పెట్టి, పెట్టాక నా పేరు చదివి, సంతకం కొట్టేశాడు. ఆ ఇంటి నుంచి కారు దాకా నడిచేసరికి నా చెవులు వేడెక్కిపోయాయి. “ఇంటికి పోదాం” అన్నాను. ఎదురింటామె కారు స్టార్ట్ చేసి పక్కింటి ముందు ఆపింది. “దిగు” అంది.

ఆ పక్కింట్లో ఫ్యాక్టరీ జాకెట్ వేసుకున్న ముసలాయన వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను కిందా మీదా చూసి, “జపానా?” అన్నాడు. జపాన్ కార్ల వల్లే ఉద్యోగాలు పోతున్నాయని అందరూ మండిపడుతున్న ఆ రోజుల్లో మా ఊళ్ళో అంతకంటే ప్రమాదకరమైన ప్రశ్న లేదు.

“కాదు, ఇండియా.”

“అక్కడ కార్లు చేస్తారా?”

“చేస్తారు. పాత మోడల్. మీరెవరూ కొనరు, భయపడకండి.”

ఆయన పకపకా నవ్వి సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిస్తూ, “నా కొడుకులిద్దరూ ఆ బళ్ళోనే చదివారు. ఇప్పుడు పిల్లల్నేసుకుని టెక్సస్ వెళ్ళిపోయారు. ఒకడు ఇర్వింగ్‌లో, ఒకడు దాని పక్కనే. ఈ వీధిలో చూడు. బడి ఉంచుతావు సరే, అందులో కూర్చునేదెవరు?” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నేను “మళ్ళీ వస్తారండీ” అని ఏదో అన్నాను. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఆ మాటే తలుచుకున్నాను. తలుచుకుని, పక్కన పెట్టేశాను.

సంతకాలు సరిపోయాయి. మా ఆయన గ్యారేజీలో నా కోసం బోర్డులు తయారుచెయ్యడం మొదలుపెట్టారు. మా ఇంటిపేరు చాలా పొడుగు. అక్షరాలు చిన్నవి చేస్తే కనపడవు, పెద్దవి చేస్తే పట్టవు. ఒకటి చేసి ముందు గడ్డిలో పాతి, కారు తీసుకుని వీధి చివరకెళ్ళి అక్కడి నుంచి బోర్డు మీదుగా నడుపుకుంటూ వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. దిగి, “మామూలు స్పీడ్‌లో వస్తే సగం పేరే చదవగలం” అని చాలా సీరియస్‌గా చెప్పారు. చివరికి ఇంటిపేరు తీసేసి నా పేరు మాత్రమే, నీలం మీద పసుపు రంగులో రాశారు. ఆ నెలరోజులూ ఆయన టీవీ ముందు కూర్చోలేదు.

మే నెలలో ఊరి ఆడవాళ్ళ క్లబ్ ఒకటి, నిలబడ్డవాళ్ళందరినీ బడి జిమ్‌లో, అంటే ఆటల హాల్లో, కూర్చోబెట్టి ప్రశ్నలడిగించింది. మేం నలుగురం. ఒక పెద్దాయన లేచి నన్ను చూపించి, “ఈ దేశంలో మీరు ఒక్కరోజు కూడా బడికెళ్ళలేదు. మా బళ్ళు ఎలా నడుపుతారు?” అన్నాడు.

రాసుకొచ్చిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు. “మీరెలా చదువుకున్నారో నాకు తెలీదు. మీ మనవలు ఎలా చదువుతున్నారో తెలుసు. మూడో క్లాసులో కొంతమందికి ఇంకా తీసివేత రావట్లేదు. పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె ఉంటే పక్కనుంచి తెచ్చుకోవాలని తెలీక తలకిందులుగా తీసేస్తున్నారు. గురువారాలు వాళ్ళతోనే కూర్చుంటాను” అన్నాను.

మధ్య వరసలోంచి ఒక తల్లి కంగారుగా, “అందులో మావాడున్నాడా?” అంది.

“ఇక్కడ చెప్పను. గురువారం రండి.”

జిమ్ అంతా నవ్వింది. ఆ నవ్వులోనే గెలిచానని ఎదురింటామె తరవాత అనేది. నేను మాత్రం, “ఈ బడి మూయనివ్వను. నా మాట” అని కూడా ఆ రోజే అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

జూన్‌లో రెండో సీటు నాకొచ్చింది. మూడో అతని కంటే కొద్ది ఓట్లే ఎక్కువ. లెక్క చదవగానే ఎదురింటామె నన్ను నడుం పట్టుకుని గాల్లోకి లేపేసింది. మా అమ్మాయి సిగ్గుతో, “అమ్మా, ప్లీజ్, ఎవ్రీబడీ ఈజ్ లుకింగ్” అని మొహం దాచుకుంది.

బోర్డులో కూర్చున్న మొదటి నెలలోనే సూపరింటెండెంట్ నన్ను మా బడంతా చూడ్డానికి రమ్మన్నాడు. నేను చూడనిదేముంది అనుకుంటూ వెళ్ళాను. నిజానికి నేను చూసింది కింది అంతస్తు, అందులో మూడో క్లాసు. పై అంతస్తులో ఆయన ఒక్కొక్క తలుపే తీశాడు. ఒక గదిలో పాత బల్లలు గుట్టగా పోసి ఉన్నాయి. ఒక గదిలో క్రిస్మస్ నాటకాల బట్టలు. ఒక టీచరు రెండు గదులు వాడుకుంటోంది, ఒకటి పాఠాలకి, ఒకటి రంగుల పనులకి. ఇంకొన్ని గదులకి తాళాలు. కింద, బడంతటికీ వేడినిచ్చే బాయిలర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అది ఎదురింటామె చదివే రోజుల నాటిదట. ఆయన నన్ను దెప్పలేదు. మీటింగ్‌లో నేనన్న మాట ఎత్తలేదు కూడా. “వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌కి పేర్లిచ్చినవాళ్ళు ఒక గదిలో సగం కూడా లేరు” అన్నాడు, అంతే.

ఆ ఏడాదంతా నేను దారి వెతికాను. పై గదులు ఏదైనా పసిపిల్లల కేర్ సెంటర్‌కి అద్దెకిద్దామన్నాను. వాళ్ళొచ్చి చూసి, బాయిలర్ సంగతి విని వద్దన్నారు. ఊళ్ళో బళ్ళన్నిటినీ చూసే డిస్ట్రిక్ట్ ఆఫీసునే అక్కడికి మారుద్దామన్నాను, కుదరలేదు. చివరికి మిలేజ్ పెట్టించాం. అంటే ఇంటి పన్ను కాస్త పెంచి బళ్ళకివ్వమని ఊరిని ఓటడగడం. ఎదురింటామె, నేను మళ్ళీ అదే స్టేషన్ వ్యాగన్‌లో, మళ్ళీ అవే తలుపులు. ఈసారి తలుపులు మర్యాదగానే తెరుచుకున్నాయి. “బడి ఉండాల్సిందే” అన్నారందరూ. “పన్ను మాత్రం కష్టం” అన్నారు. అప్పటికి ఆమె భర్తకే లేఆఫ్ అయింది. ఆ వరండా మెట్ల మీది ముసలాయన ఇల్లు అమ్మకానికి పెట్టి టెక్సస్ వెళ్ళిపోయాడు. మిలేజ్ ఓడిపోయింది.

ఇక మిగిలినవి రెండే దారులు. బడి మూసి పిల్లల్ని పక్క బడిలో కలపడం. లేదా బడి ఉంచి, ఊళ్ళో అన్ని బళ్ళలోనూ కొత్త టీచర్లని తీసేసి, సంగీతం, బొమ్మల క్లాసులు ఎత్తేసి, రెండేసి క్లాసుల్ని ఒక గదిలో కూర్చోబెట్టడం. ఆ టీచర్లలో మా అమ్మాయికి రెండో క్లాసు చెప్పినావిడ ఉంది. లెక్క ఎటునుంచి చేసినా అంతే వచ్చింది. పెరట్లో నడుస్తూ చేశాను, బట్టలారేస్తూ చేశాను. ఒక మధ్యాహ్నం ఏదో కొనడానికని బయల్దేరి, కొట్టు దాటేసి, హైవే మీద చాలా దూరం వెళ్ళిపోయి ఎందుకొచ్చానో తెలీక వెనక్కి తిప్పాను.

బోర్డులో మూయాలనేవాళ్ళు అప్పటికే అయిదుగురు. మా ఆయన అది గుర్తుచేశారు. “నీ ఓటు లేకపోయినా పాసవుతుంది. నువ్వు నో అను. మాట నిలబెట్టుకున్నట్టు ఉంటుంది, అందరూ నీతో బాగానే ఉంటారు. ఏం పోయింది?”

నిజంగా ఏం పోయేది కాదు. నో అనొచ్చు. చప్పట్లు కొట్టేవాళ్ళు. కానీ నాకు తెలిసిపోయింది కదా. మూయడమే సరైనదని తెలిసీ, ఆ అయిదుగురూ ఆ పని చేసిపెడతారన్న ధీమాతో, చేతులు దులుపుకుని మంచిదాన్ననిపించుకోవడం నా వల్ల కాలేదు. అలా అనే ఆయనకి చెప్పాను. “ఎదురింటావిడకి ముందే చెప్పు. మీటింగ్‌లో తెలియకూడదు” అన్నారు.

మీటింగ్ రోజు మధ్యాహ్నం రోడ్డు దాటి వెళ్ళాను. ఆమె బేస్‌మెంట్‌లో డ్రయర్ దగ్గర తువ్వాళ్ళు మడతపెడుతోంది. నేనూ ఒకటి అందుకుని మడతపెడుతూ చెప్పాను. పై అంతస్తు గదులు, బాయిలర్, టీచర్లు, అన్నీ. అవన్నీ ఆమెకి తెలిసినవే. ఆమె చేతులు ఆగలేదు.

“అయిదుగురున్నారుగా వాళ్ళకి” అంది.

“ఉన్నారు.”

“నీ ఓటు అక్కర్లేదుగా.”

“అక్కర్లేదు.”

“అక్కర్లేకపోయినా వేస్తావా?”

“అవును. అదే సరైనదని నాకు...”

“సరైనదో కాదో నేనడగలేదు” అంది. నా చేతిలోని తువ్వాలు తీసుకుంది. “నిన్ను నేను కార్లో ఇంటింటికీ తిప్పాను. ఆ గుమ్మాల్లో నిలబడి వాళ్ళకి నేను చెప్పాను, ఈమె మాట తప్పదని. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూడాల్సింది నేను. నువ్వు కాదు, నేను.” ఆ రోజు ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బావుండేదని నాకనిపించింది.

ఆ సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు ‘ఎస్’ అన్నాను. గదిలో వెనకనుంచి ఎవరో నన్ను ఒక మాటన్నారు. దాన్నిక్కడ రాయను. ఎదురింటామె లేచి కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మా అమ్మాయి పాలల్లో సీరియల్ వేసుకున్న గిన్నెలో చెంచా తిప్పుతూ, “యూ ప్రామిస్డ్, అమ్మా. యూ సెడ్ ఇట్ ఇన్ ద జిమ్” అంది. కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పాను. విని, “ఓకే, బట్ యూ ప్రామిస్డ్” అంది. “అవును, ఇచ్చాను” అన్నాను.

సెప్టెంబర్ నుంచి పిల్లలు వీధి మలుపులో పసుపు బస్సు ఎక్కేవారు. ఎదురింటామె తన కూతుర్ని మలుపుకి ఆ వైపు నిలబెట్టేది, నేను ఈ వైపు. పిల్లల్లో ఆ పంతం అట్టే రోజులు నిలవలేదు. బస్సెక్కి పక్కపక్కనే కూర్చునేవారు. మేమిద్దరం మాత్రం బస్సు వెళ్ళాక ఎవరింటికి వాళ్ళం నడిచేవాళ్ళం, మధ్యలో రోడ్డు. పలకరింపుల్లేవు. కిరాణా కొట్లో ఎదురైతే ఆమె ట్రాలీ పక్క వరసలోకి తిప్పేది. వీధిలో చాలామంది అలాగే ఉన్నారు కానీ, వాళ్ళెవరూ నన్నంత బాధపెట్టలేదు. మంచు పడ్డ రోజుల్లో తెల్లారేసరికి ఆమె భర్త మా డ్రైవ్‌వే మొదలు కూడా ఊడ్చేసి వెళ్ళేవాడు, ముందు ఏళ్ళలో లాగే. ఆమెకి తెలుసో లేదో నేనడగలేదు.

బోర్డు పని వదల్లేదు. కలిపిన బళ్ళో గొడవలు రాకుండా చూడ్డం, బస్సు టైములు, మధ్యాహ్నం భోజనాలు. వెళ్ళని మీటింగ్ లేదు. ఇంట్లో ఉంటే ఎదురింటి కిటికీలే కనపడేవి, అందుకని ఇంకా ఎక్కువ వెళ్ళేదాన్ని.

నా నాలుగేళ్ళ పదవీకాలం అయిపోవచ్చిన వసంతంలో, ఒక ఉదయం కర్టెన్ తీస్తే ఆమె గడ్డిలో బోర్డు పాతి ఉంది. ఆమె పేరుతో. నా సీటుకి. మా ఆయన కూడా వచ్చి కిటికీలోంచి చూసి, “అక్షరాలు బాగా కనపడుతున్నాయి” అన్నారు. ఆ మాటకి నవ్వొచ్చింది, వెంటనే కర్టెన్ వేసేశాను.

మళ్ళీ అదే క్లబ్, ఈసారి హైస్కూల్ జిమ్‌లో. మైకు ఆమె చేతికిచ్చారు. నేనే ఊపిరి బిగబట్టాను. అలవాటు పోలేదు, ఆమె ఏడుస్తుందేమోనని నాకే భయం. ఆమె గొంతు వణకలేదు. “ఈ సీట్లో ఉన్నామె మాకో మాటిచ్చి, దానికి విరుద్ధంగా ఓటేసింది. నేను ఇవ్వలేని మాట ఇవ్వను. ఇచ్చిన మాట తప్పను” అంది.

నా వంతు వచ్చింది. “ఆమె చెప్పింది నిజం. ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది. ఓటు మాత్రం మళ్ళీ వెయ్యాల్సొస్తే అలాగే వేస్తాను” అన్నాను. అలా మాట్లాడితే ఎవరు గెలుస్తారు? ఆమె గెలిచింది, పెద్ద తేడాతోనే. ఫలితం చదివినచోటే ఆమె దగ్గరికెళ్ళి చెయ్యి చాపాను. ఆమె పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఇంటికొచ్చాక బావుందో బాధగా ఉందో తెలీక, ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ బయటికి తీసి అరలన్నీ తుడిచాను. పక్కన నిలబడి ఆయన ఒక్కొక్కటీ అందించారు.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం డోర్‌బెల్ మోగింది. గుమ్మంలో ఎదురింటామె. చేతుల్లో అట్టపెట్టె, దాని నిండా బోర్డు కాగితాలు. అవి ఎంత బరువుంటాయో నాకు తెలుసు. మూడేళ్ళ తరవాత ఆ నోట నా పేరు విన్నాను. సరిగ్గానే పలికింది.

“వీటిల్లో నాకు సగం అర్థం కావట్లేదు. సూపరింటెండెంట్‌ని అడిగితే ఆయన తనకి కావలసినట్టు చెబుతాడు” అంది.

“లోపలికి రా.”

డైనింగ్ టేబుల్ మీద పెట్టె దించింది. కూర్చోలేదు. “ఇప్పుడు హైవే అవతలి బడి గురించి మాట్లాడుతున్నారు. అక్కడా పిల్లలు తగ్గారట” అంది. కుర్చీ వీపు రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడింది. “నువ్వు చేసింది తప్పనే ఇప్పటికీ అంటాను.”

“తెలుసు.”

“ఆ టీచర్లకి వేరే చోట ఉద్యోగాలు దొరికేవి.”

“కొంతమందికి దొరికేవి. అందరికీ కాదు.”

“చూశావా, మళ్ళీ మొదలుపెట్టావు” అంది. అని కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి వచ్చేసరికి పెట్టెలోంచి మొదటి కట్ట తీసి నా వైపు తిప్పి పెట్టింది. నేను కళ్ళజోడు వెతుక్కున్నాను. ఒక్కో పేజీలో ఏ అంకె ఎక్కడినుంచి వస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నన్ను మధ్యమధ్యలో ఆపి, గట్టిగా వాదించి, ఒప్పుకోనిచోట ఒప్పుకోనని చెప్పి, మళ్ళీ, “ఊ, తరవాత?” అనేది. టీ చల్లారింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, ఆ టేబుల్ దగ్గర మా ఇద్దర్నీ చూసి, చప్పుడు చెయ్యకుండా బూట్లు విప్పుకుని మేడ మీదకి వెళ్ళిపోయారు.